నడుస్తుండగా పీకిన డిస్కు

నాకు తొందరెక్కువ. నిదానమే ప్రధానం అని మా అమ్మ మొత్తుకునేది, వింటేగా! దానికి తోడు పదేళ్లుగా రాయదుర్గంలోని ఐటీ కంపెనీలో, రాత్రింబవళ్లు నడిచే సర్వర్ల మధ్య ఉద్యోగం. అక్కడ మెషీన్ ఆపడమంటే మహాపాపం. డిస్కు చెడితే, మెషీన్ నడుస్తుండగానే లాగి కొత్తది తోసేస్తాం. అందుకు తగ్గట్టే చేసిన సర్వర్లవి. ఇంట్లో కంప్యూటర్ అలాంటిది కాదని నాకు తెలియదా? తెలుసు. తెలిసీ చేశాను, ఇప్పటికీ ఒళ్లు మండేది అందుకే.

హఫీజ్‌పేట్‌లో మా ఎదురు ఫ్లాట్ నర్సు ఒక ఆదివారం చర్చి నుంచి నేరుగా మా ఇంటికొచ్చింది. చేతిలో తువ్వాల్లో చుట్టిన పాత హార్డ్‌డిస్కు. నిరుడు పోయిన భర్త పాడిన కీర్తనలన్నీ అందులోనే ఉన్నాయి, ఇంకెక్కడా లేవు.

"పిల్లకు వాళ్ల నాయిన గొంతు గిదొక్కటే అక్కా," అంది.

నా కంప్యూటర్ పక్క రేకు విప్పి, ఆపకుండానే డిస్కు తగిలించాను. కీర్తనల పేర్లు తెర మీద కనిపించగానే ఆమె కళ్లు తుడుచుకుంది. కాపీ పెట్టాను. మొదటి పాట సగంలోనే ఆగిపోయింది. ఐదు నిమిషాలు చూశాను, ఇంక నావల్ల కాలేదు. తీసి మళ్లీ తగిలిద్దామని డిస్కు తీగ మీద చెయ్యి వేశాను.

"నడుస్తుంటెనే తీస్తవా అక్కా? జర బంద్ చేసి తియ్యరాదు?"

"ఫికర్ చెయ్యకు. నేను రోజూ చేసే పనే." పైగా నవ్వాను కూడా.

తీగ పీకి డిస్కు చేతిలోకి తీసుకుని తిరగేశాను. లోపల పళ్లెం ఇంకా తిరుగుతూనే ఉంది, అరచేతిలో బొంగరం పెట్టినట్టు. అంతలో ఏదో గీసుకున్నట్టు గర్రుమంది. ఏమీ ఎరగనట్టు మళ్లీ తగిలించాను.

టక్. టక్. టక్. తెర మీద ఏమీ రాలేదు.

ఆ చప్పుడు నాకు బాగా తెలుసు. ఆఫీసులో అది వినపడితే ఆ డిస్కు మీద ఆశ వదులుకుంటాం.

"చప్పుడొస్తుంది గదక్కా. అంటే పాణం ఉన్నట్టే గదా?"

"ఉంది," అన్నాను. "కాస్త టైం పడుతుంది, అంతే."

సిగ్గుతో తలెత్తలేకపోయాను. ఆమె పన్నెండేళ్లుగా ఐసీయూలో నర్సు. తలుపు బయట నిలబడ్డవాళ్లకు ఇలాంటి మాటలు ఎన్నిసార్లు చెప్పి ఉంటుందో! నా అబద్ధం పసిగట్టడానికి ఆమెకు క్షణం పట్టలేదు.

డిస్కు ఇంకా టక్ టక్‌మంటుండగానే ఆమే లేచి, గోడ దగ్గరికెళ్లి కంప్యూటర్ స్విచ్ ఆపింది. చప్పుడు పూర్తిగా ఆగేదాకా నిలబడి, తువ్వాలు బల్ల మీద పరిచింది.

"ఇగ తీసి ఇయ్యక్కా," అంది.