ప్రేమ్‌రాజ్ హస్తవాసి

క్యాన్సర్‌ను చంపడానికి ఊళ్లో ఇంతమంది కిందామీదా పడుతుంటే, దాన్ని సాకడమే ఉద్యోగంగా పెట్టుకున్న మనిషి ఒకడున్నాడు. పేరు ప్రేమ్‌రాజ్, వయసు యాభై రెండు, ఇల్లు మాదన్నపేట మండీ వెనక. పురానాపూల్ దాటాక ఒక క్యాన్సర్ ఆసుపత్రి, దాని వెనక రెండంతస్తుల ల్యాబు. ఆ ల్యాబులో ప్లాస్టిక్ పళ్లేల్లో పెరిగే క్యాన్సర్ కణాలకు వేళకు తిండి పెట్టాలి. అంటే పాత ద్రవం తీసేసి, కడిగి, కొత్తది పోయాలి. ద్రవం గులాబీ రంగులో ఉందంటే కణాలు సుఖంగా ఉన్నట్టు, పసుపుకు తిరిగిందంటే ఆకలి మీద ఉన్నట్టు. పదిహేడేళ్లుగా ఇదే పని.

పెద్ద పెద్ద చదువులు చదివినవాళ్ల చేతుల్లో వాడిపోతున్న కణాలు కూడా ప్రేమ్‌రాజ్ చేతికొస్తే రెండు రోజుల్లో కళకళలాడేవి. హస్తవాసి అంటే అతనిదేనని ల్యాబంతా చెప్పుకునేది. అతని భార్య లీలమ్మకు మాత్రం ఆ మాట వింటే ఒళ్లు మండేది.

"డాక్టర్‌కు ఉండాల్సిన హస్తవాసి నీకెందుకయ్యా? లైన్ల నిలబడ్డ పేషెంట్లను దాటుకుంట పోయి, లోపల గా రోగానికే బువ్వ పెట్టొస్తవ్. ఎవలకన్న చెప్పుకుంటె ఇజ్జత్ పోతది."

"బతికున్నదాన్నే కదనే మందేసి చంపి చూడాలె. చచ్చినదాని మీద ఏం చూస్తరు?" అనేవాడు.

జవాబుకేం, బ్రహ్మాండంగా ఉంది. కానీ పొద్దున్నే ఆసుపత్రి ముందు ఓపీ చీట్ల లైను దాటేటప్పుడు మాత్రం మనవాడు తల వంచుకునే నడిచేవాడు.

పదిహేడేళ్లూ కాంట్రాక్టు మీదే గడిచాయి. ఎట్టకేలకు ఈ ఏడు పర్మనెంటు ఫైలు కదిలి, ల్యాబు పెద్ద గోపాలకృష్ణమూర్తి గారి బల్ల మీదికి వచ్చింది. బుధవారం సంతకమన్నారు. సరిగ్గా దానికి ముందు శుక్రవారమే ప్రేమ్‌రాజ్ తన కొంప తనే ముంచుకున్నాడు.

బిందుమాధవి అని కాకినాడ అమ్మాయి అక్కడ పరిశోధన చేస్తోంది. రెండేళ్లుగా ఒకే మందును పట్టుకుని కూర్చుంది. ఆ మందు ఏం చేస్తుందో చాయ్ తాగుతూ ఒకసారి ప్రేమ్‌రాజ్‌కు చెప్పింది కూడా.

"ప్రతి కణంలోనూ మైటోకాండ్రియా అని చిన్న చిన్న తిత్తులుంటాయండి. కణానికి శక్తి తయారుచేసి పెట్టేవి అవే. అదే కణం బాగా చెడిపోయిందనుకోండి, ఆ తిత్తులకే చిల్లులు పడతాయి, లోపలి పదార్థం బయటికొస్తుంది. దాంతో కణం తనను తనే చంపేసుకుంటుంది. క్యాన్సర్ కణం మహా గడుసుదండి, ఆ చిల్లులు పడనివ్వదు. నా మందు పడేలా చేయాలి."

"అంటే బువ్వ పెట్టేటోడే పాణం గూడ దీస్తడన్నట్టు. వారెవ్వా!" అన్నాడు ప్రేమ్‌రాజ్.

ఆ శుక్రవారం బిందుమాధవి పొద్దున ఎనిమిదింటికి ఆరు పళ్లేలలో, పాత ద్రవం మార్చకుండానే, తన మందు వేసింది. మూతల మీద ఎర్ర బిళ్లలు అతికించింది. ఎర్ర బిళ్ల ఉన్న పళ్లేన్ని వేసినవాళ్లు తప్ప ఇంకెవరూ ముట్టుకోకూడదు, అది ల్యాబు నియమం. ఒళ్లు కాలిపోతోందని ఇంటికెళ్లి పడుకుంది.

పదకొండింటికి ప్రేమ్‌రాజ్ కణాలుండే వెచ్చని పెట్టె తలుపు తీశాడు. ఆరు పళ్లేలూ పసుపు రంగుకు తిరిగి ఉన్నాయి. మేడం జ్వరంలో తిండి మార్చడం మరిచిపోయి ఉంటుందనుకున్నాడు. మరి ఎర్ర బిళ్ల కనబడలేదా అంటే, కనబడింది మహానుభావుడికి! కానీ ఆకలితో ఉన్నదాన్ని చూసి చూడనట్టు తలుపు మూయడం పదిహేడేళ్లలో ఒక్కనాడూ చేసి ఎరగడు. మూడు పళ్లేలు కడిగి కొత్త ద్రవం పోశాడు. అంతలో సీసా అయిపోయింది. ఇంకోటి రోడ్డు అవతలి స్టోరు నుంచి తేవాలి. జుమ్మా నమాజుకు ఆ రోడ్డు మూసేశారు. తెరిచాక వెళ్లి తెచ్చి, మిగతా మూడూ కడిగేసరికి రెండయింది.

సోమవారం బిందుమాధవి వచ్చి చూస్తే, మూడు పళ్లేలలో కణాలు కిటకిటలాడుతున్నాయి. మూడింటిలో ఒక్కటీ మిగల్లేదు. అదే మందు, అదే మోతాదు! ఆమెకు ఏడుపొక్కటే తక్కువ. గోపాలకృష్ణమూర్తి గారు చూసి, "దీనికి నిలకడ లేదమ్మా. ఇంతటితో వదిలేయ్," అనేశారు. గాజుసామాను కడుగుతున్న ప్రేమ్‌రాజ్‌కు ఆ మాట వినబడింది, అవి తను కడిగిన పళ్లేలేనని తెలిసిపోయింది.

రాత్రి కంచం ముందు కూర్చుని అంతా భార్యకు చెప్పాడు.

"నోరు మూసుకొని ఉండు. ఎల్లుండి సంతకం కానీ, అప్పుడు చెప్తువు," అంది లీలమ్మ.

"ఎల్లుండి దాక ఆ పిల్ల మందు ఉండాలె గద!"

"గా పిల్లకు చదువున్నది, ఇంకోటి చేసుకుంటది. నీకేమున్నది?"

లీలమ్మ అన్నదాంట్లో అబద్ధం లేదు. అందుకే అతను కంచంలోనే చెయ్యి కడిగి లేచాడు.

మంగళవారం పొద్దున వెళ్లేసరికి బిందుమాధవి మందు సీసాలు తీసి పారేసే డబ్బాలో వేస్తోంది. రెండు వేసింది, మూడోది చేతిలో ఉంది.

"మేడం, ఆగుర్రి. గా పళ్లేలు నేనే కడిగిన," అన్నాడు.

"ఎర్ర బిళ్ల పెట్టాను కదండీ! కనబడలేదా?"

"కనబడ్డది మేడం. ఆకలిగొన్నయనుకున్న."

"ఆకలా! చావడానికి పెట్టానండీ వాటిని!" అని అరిచేసింది. ల్యాబులో ఉన్నవాళ్లంతా తిరిగి చూశారు. ప్రేమ్‌రాజ్‌కు తల కొట్టేసినట్టయింది. ఆమె సీసాను బల్ల మీద పెట్టి, గొంతు తగ్గించి అడిగింది. "అన్నీ ఒకేసారి కడిగారా?"

"లేదు మేడం. మూడు పదకొండుకు. ఇంకో మూడు నమాజ్ అయినంక, రెండింటికి."

"బతికినవి ఏవి?"

"పదకొండువే. రెండింటివి గూడ మస్తు మంచిగ కడిగిన మేడం, వట్టిగనే చచ్చిపోయినయ్."

బిందుమాధవి స్టూలు లాక్కుని కూలబడింది. "పదకొండుకి తిత్తులకు ఇంకా చిల్లు పడలేదు. రెండింటికి పడిపోయింది. పడ్డాక మందు కడిగేసినా కణం ఇక వెనక్కి రాలేదు," అంది తనలో తను. వెంటనే డబ్బాలో పారేసిన సీసాలు ఏరి తెచ్చుకుంది.

ఇద్దరూ కలిసి గోపాలకృష్ణమూర్తి గారి గదికి వెళ్లారు. ఆయన అంతా విని, కళ్లజోడు తీసి, ఫైలు పక్కకు జరిపారు.

"తప్పు తప్పే ప్రేమ్‌రాజ్. సంతకం ఈ ఏడు పెట్టలేను."

"సరే సార్," అన్నాడు అతను. వెళ్లడానికి తలుపు వైపు తిరిగాడు.

"ఈ ప్రయోగం మళ్లీ చేయాలి. మందు వేశాక గంటకొక పళ్లెం కడగాలి. కడిగేది నువ్వే."

"నేనా సార్?"

"నీకంటే బాగా వాటిని బతికించేవాడు ఇక్కడ ఎవడున్నాడయ్యా? నీ చేతిలో కూడా బతకలేదంటే, ఆ మందు నిజంగా చంపినట్టు."

గురువారం ప్రేమ్‌రాజ్ ఆరు పళ్లేలు కడిగాడు. కోపంతోనో, కసితోనో కాదు, రోజూ కడిగినట్టే కడిగాడు. ద్రవం సరిగ్గా ఒంటి వేడికి తెచ్చి, కణాలు కదలకుండా పళ్లెం అంచు నుంచి మెల్లగా పోశాడు. బతికించడానికి తనకు తెలిసినదంతా చేశాడు, ఒక్కటీ దాచుకోలేదు.

శనివారం పొద్దున చూస్తే మొదటి నాలుగూ బతికాయి. అయిదోదీ ఆరోదీ చచ్చాయి.

ల్యాబులోంచి బయటికొచ్చి, ఓపీ చీట్ల లైను పక్కనే నిలబడి ఇంటికి ఫోన్ చేశాడు.

"సార్ మనసు మారిందా? సంతకం పెట్టిండా?" అంది లీలమ్మ ఆశగా.

"పెట్టలే."

"మరి గంత ఖుషీ ఏందయ్యా గొంతుల?"

"చచ్చినయే లీలా!" అని అరిచాడు. లైనులో వాళ్లు తిరిగి చూశారు. "నా చేతులతోని కడిగిన, బువ్వ పెట్టిన. అయినా చచ్చినయ్!"