బ్రీదర్ మూసింది నేనే

ఇరవై ఏళ్లకు పైగా ఒక అబద్ధాన్ని మోస్తున్నాను. దించుకోవడానికి చోటు దొరకలేదు. పేరు చెప్పను. హోసూరు దగ్గర జూజువాడి చెక్‌పోస్టు దారిలో షెడ్డు పెట్టుకుని లారీలకూ టెంపోలకూ వెనక యాక్సిల్ పని చేసేవాణ్ణి, అంతవరకు చాలు. మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నాను. తెలిసినవాళ్ల దగ్గర ఎన్నిసార్లు నోరు తెరిచానో, అన్నిసార్లూ వానల గురించి ఏదో మాట్లాడి లేచి వచ్చేశాను.

తొంభైల చివర్లో సంగతి. డిఫరెన్షియల్ బిగించడంలో నాకు పేరుండేది. లారీ వెనక యాక్సిల్ మధ్యలో కుండలా ఉబ్బెత్తుగా ఉంటుందే, అదే డిఫరెన్షియల్. లోపల పళ్లచక్రాలు నూనెలో మునిగి తిరుగుతుంటాయి. ఆ నూనె అతుకు దగ్గర కారకూడదు. మధ్యలో గ్యాస్కెట్ అట్ట వేయాలా, సిలికాన్ జిగురు పూయాలా, రెండూనా అన్నది అంచు చూసి తేల్చుకోవాలి. సిలికాన్‌ను దోసెపిండిలా పూసేవాళ్లను చూస్తే నాకు ఒళ్లు మండేది. మా వైపు రైతులు మెకానిక్కును పరీక్షించే తీరు ఒకటుంది. బండిని ఇంటికి తోలుకుపోయి యాక్సిల్ కింద పాత పేపరు పరుస్తారు. తెల్లారి దాని మీద నూనె చుక్క కనిపిస్తే, ఆ పేపరే మడిచి తెచ్చి మన ముఖం ముందు విప్పుతారు. నా షెడ్డుకు అలాంటి పేపరు ఎప్పుడూ రాలేదు. ఊరంతా చెప్పుకునేవాణ్ణి.

వచ్చింది. ఆ పేపరు తెచ్చినవాడు అత్తిముగం ఊరి నారాయణప్ప. టమోటా పండించేవాడు. సరుకు మార్కెట్టుకు తోలడానికి ఒక టెంపో ఉంది, నడిపేది అతని తమ్ముడు మునిరాజు. మొదటిసారి గ్యాస్కెట్ వేసి ఇచ్చాను, చుక్క పడింది. రెండోసారి అంచు మీద పాత గ్యాస్కెట్ తునక కూడా లేకుండా గీకి, పెట్రోలుతో తుడిచి, సిలికాన్ ఒక్కటే దారమంత సన్నగా పూసి, బిగించి, అది ఆరేదాకా ఆగి నూనె పోశాను. ఆ పనికి ఇప్పటికీ వంక పెట్టలేను. మళ్లీ చుక్క. మూడోసారి నారాయణప్ప తమ్ముణ్ణి వెంటబెట్టుకుని వచ్చాడు. పేపరు నా బెంచీ మీద పరిచి, తమ్ముడి వైపు చూసి నవ్వాడు. ఆ నవ్వు తల్చుకుంటే ఈ రోజుకీ చెవులు వేడెక్కుతాయి.

బండి కిందికి దూరి చూశాను. అతుకు పొడిగా ఉంది. నూనె వస్తున్నది పైనున్న బ్రీదర్ నుంచి, వెనకవైపుగా జారి కిందికి. బ్రీదర్ అంటే చిటికెనవేలంత మూత. లోపల వేడికి ఉబ్బిన గాలి బయటికి పోవడానికి పెట్టిన దారి. నూనె మరీ ఎక్కువైతే అక్కణ్ణించే చిమ్ముతుంది. ఎక్కువ ఎందుకయింది? రెండుసార్లూ నారాయణప్ప దగ్గర నిలబడి, ఎక్కువుంటే మంచిదని, నూనె పోసే రంధ్రం నిండి పొర్లుతున్నా ఒక పక్క జాకీ ఎత్తించి మరీ పోయించాడు. తప్పని తెలిసీ నేను పోశాను. ఎక్కువైన నూనె దించేస్తే అయిపోయేది. పది నిమిషాల పని. కానీ అప్పుడు, రెండుసార్లూ విప్పింది దండగే, కారణం నా చేతిలోనే ఉందని వాళ్లిద్దరి ముందూ చెప్పాలి.

చెప్పలేదు. ట్యూబు నొక్కి బ్రీదర్ రంధ్రం మీద సిలికాన్ మెత్తేశాను, దోసెపిండిలాగే. తెలియక చేశానా? లేదు. గాలి పోయే దారి లేకపోతే అది నూనెను ఇంకెక్కడికో తోస్తుందని నాకు తెలుసు. వచ్చే సర్వీసులో తీసేద్దాంలే అనుకున్నాను. పేపరు శుభ్రంగా ఉందని నారాయణప్ప బుట్టెడు టమోటాలు పంపించాడు. తిన్నాం.

నెల తిరక్కుండానే శూలగిరి దిగుడులో టెంపో బోల్తా పడింది. సరుకుతో కృష్ణగిరికి పోతోంది. మునిరాజు పక్కన అతని వదిన లక్ష్మమ్మ కూర్చుని ఉంది. మునిరాజు దెబ్బల్లేకుండా బయటపడ్డాడు. ఆమె కుడి చెయ్యి నలిగిపోయింది, మళ్లీ మడత పడలేదు. బండిని నా షెడ్డుకే లాక్కొచ్చారు, వాళ్ల మెకానిక్కును నేనే కదా. ఒక్కణ్ణే చక్రం విప్పాను. ఎడమ వెనక బ్రేకు డ్రమ్ము నిండా డిఫరెన్షియల్ నూనె. పైన దారి మూసేస్తే అది చక్రం సీలును దాటుకుని బ్రేకు మీదికి వచ్చింది. డ్రమ్మును ఒరుసుకుని ఆపాల్సిన లైనరు నూనెలో నాని ఉంది. ఇక బ్రేకు ఎలా పడుతుంది? డ్రమ్ము పెట్రోలుతో కడిగాను. లైనరు మార్చాను. కత్తి తీసుకుని బ్రీదర్ మీది సిలికాన్ గీకేశాను. మామూలు సర్వీసు చేసినంత నింపాదిగా చేశాను. అదే నన్ను ఇప్పటికీ భయపెడుతుంది.

నారాయణప్ప వచ్చాడు.

"మావాడు బ్రేకు పట్టలేదంటాడప్పా. ఆడ చూసినోళ్లేమో నిద్రపోయినాడంటారు. నువ్వు విప్పి చూసినావు కదా, నిజం చెప్పు."

"బ్రేకు బాగానే ఉందప్పా. నువ్వే చూడు," అన్నాను.

డ్రమ్ములో వేలు పెట్టి చుట్టూ తిప్పాడు. వేలు పొడిగా వచ్చింది. "అట్లయితే వాడు నిద్రే పోయుండాడు," అన్నాడు.

నిద్రపోయాడని నేను అన్నానా? అనలేదు. ఆ ఒక్క ముక్కను అడ్డం పెట్టుకుని చాలా ఏళ్లు దాక్కున్నాను. ఎవరిని మోసం చేయడానికి?

మునిరాజు మళ్లీ స్టీరింగు ముట్టలేదు. వదిన ఎడమ చేత్తో అన్నం వడ్డిస్తుంటే ఆ ఇంట్లో కూర్చుని తినలేక, డెంకణికోట వైపు పోయి, ఏనుగులు దిగకుండా రాగి చేలకు కాపలా ఉండే పనిలో చేరాడు. కొన్నేళ్లకు హోసూరు బస్టాండులో కనిపించాడు. టీ తాగించాను. నా పిల్లల క్షేమం అడిగాడు. అతనే ఆ మాట ఎత్తాడు. మొదట్లో బ్రేకు తొక్కినట్టే గుర్తుండేదట. అన్నతో పోట్లాడాడట కూడా. కానీ నా నోటితో నేను బ్రేకు బాగుందన్నాక, నాకు అబద్ధమాడే అవసరమేముందని ఆలోచించాడట. ఆలోచించగా ఆలోచించగా, ఆ దిగుడులో తన కళ్లు మూతలు పడటం ఇప్పుడు స్పష్టంగా గుర్తుకొస్తోందట. కావలి పని కావాలని అడిగి తీసుకున్నాడట, మెలకువగా ఉండే పని అని.

నేను టీ గ్లాసు కింద పెట్టాను. బస్సు వచ్చిందన్నాను. ఆ బస్సు నాది కాదు. అయినా ఎక్కేశాను.

ఆమె చెయ్యి పోవడం ఒకటి. దానికి అహంకారమనో, నిర్లక్ష్యమనో ఒక పేరుంది. కానీ ఒక మనిషి తన కాలితో తాను చేసినదాన్ని తానే నమ్మకుండా చేశానే, దాన్ని ఏమంటారు? ఇప్పుడు పోయి చెబితే అతనికి ఏమి తిరిగొస్తుంది? ఇదీ సాకే. నాకు ధైర్యం లేదు, అంతే. నారాయణప్ప పోయాడు, తమ్ముడి తప్పే అనుకుంటూ పోయాడు. మునిరాజు ఉన్నాడు. మీరు నన్ను క్షమించనక్కర్లేదు, ఆ పని మీది కాదు. ఒక్కరైనా వినాలి, అంతే. మునిరాజు నిద్రపోలేదు. కళ్లు తెరుచుకునే ఉన్నాడు. బ్రేకు తొక్కాడు.