వేమూరు దాటాక విన్న గొంతు

దయ్యం ఉందని ఎవరైనా అంటే చూపించమని అడిగే మనిషిని నేను. బాపట్లలో లెక్కల టీచరుగా పనిచేసి రిటైరయ్యాను. ఆధారం లేని మాట నాకు పడదు. అందుకే ఇది ఉన్నదున్నట్టు రాస్తున్నాను.

రత్నం నా దగ్గర చదువుకున్న పిల్ల. రేపల్లె దగ్గర కాపురం. భర్త శ్రీను సముద్రం మీద చేపల వేటకెళ్లి వారం తర్వాత తిరిగొస్తే అతన్ని గుమ్మంలోనే ఆపబోయిందట. కబురు తెలిసి వెళ్లాను.

"ఇతను మా ఆయన కాదండి టీచరమ్మా. మొహం అచ్చం ఆయనదే. మనిషి వేరే!"

దయ్యం పట్టిందని, శుక్రవారం భూతవైద్యుడు కొట్టి వదిలిస్తాడని అత్తగారు నిర్ణయించేసింది. నాకు రెండే రోజులున్నాయి.

అంతలో నా కళ్లముందే ఒక వింత జరిగింది. ఏడుపు ఆపుకోలేక శ్రీను ఇంటి వెనక్కి వెళ్లి ఆమెకు ఫోన్ చేశాడు. రత్నం మొహం వెలిగిపోయింది.

"ఎప్పుడొస్తావయ్యా? ఎవడో నీ లుంగీ కట్టుకుని ఇంట్లో తిరుగుతున్నాడు. నీకని దాచిన పులుసు కూడా వాడే తినేశాడు!"

గొంతు వింటే తనవాడంటోంది, మొహం చూస్తే కాదంటోంది. దయ్యమైతే ఈ తేడా ఎందుకు? నాకు కాలు నిలవలేదు. ఏం చెప్పాలో శ్రీనుకు నేర్పాను. అతను మళ్లీ ఫోన్ చేశాడు. "టీచరమ్మతో తెనాలి ఆస్పత్రికి రా. వాణ్ని కూడా తీసుకురా, నేను చూసుకుంటా."

ఆమె తలదువ్వుకుని పూలు పెట్టుకుంది. కారులో శ్రీను ముందు సీట్లో కూర్చున్నాడు. మోగితే గుట్టు బయటపడుతుందని అతని ఫోన్ ఆపేసి నా సంచిలో వేసుకున్నాను.

వేమూరు దాటాక చూస్తే రత్నం ఫోన్ చెవిన పెట్టుకుని నవ్వుతోంది. లాక్కుని విన్నాను. అలల హోరు. దాని వెనక శ్రీను గొంతు: "టీచరమ్మా, దాన్ని భయపెట్టకండి. మెల్లగా తీసుకురండి."

ముందు సీట్లో శ్రీను నిద్రపోతున్నాడు. సంచి తడిమాను. అతని ఫోన్ ఆపేసే ఉంది.

తెనాలిలో మానసిక వైద్యుడు ఓపిగ్గా చెప్పారు. దిగులు జబ్బులో ఆకలి, ఆసక్తి పోతాయి. ఉన్మాదంలో నిద్ర లేకపోయినా అలసట ఉండదు, గొప్పలు ఆగవు. ఆందోళన జబ్బులో గుండెదడ, చెమటలు. రత్నానికి ఇవేవీ లేవు, ఆమెది భ్రమ. మొహం పోలిక తెలుస్తుంది గాని తనవాడన్న భావం కలగదు. ఫోన్లో మొహం కనిపించదు కాబట్టి ఆ చిక్కు రాలేదు. దయ్యం కాదు, జబ్బేనన్న నా ఊహ నిజమైనందుకు చిన్నపిల్లలా సంబరపడ్డాను.

భూతవైద్యుడి ఊసు అక్కడితో ఆగింది. మందులు వాడిన కొన్ని వారాలకు ఒక ఉదయం ఆమె శ్రీనును తేరిపార చూసి, "ఇన్నాళ్లూ ఎక్కడికి పోయావయ్యా?" అని కసిరిందట. అది చెబుతూ అతను నవ్వాడు, ఏడ్చాడు.

తర్వాత నన్నూ పరీక్షించమని డాక్టరుగారిని అడిగాను. నిద్ర, ఆకలి, మతిమరుపు, భయాలు, అన్నీ అడిగారు. ఏ లోపమూ లేదన్నారు. చివరగా, "ఎవరూ లేకుండా గొంతులు వినిపిస్తాయా అమ్మా?" అన్నారు.

"ఒక్కసారి వినిపించిందండి," అన్నాను.

కంగారులో అలా అనిపించి ఉంటుందన్నారు. కావచ్చు. కానీ నేను లాక్కోకముందే రత్నం ఆ గొంతుతో మాట్లాడుతోంది. ఇద్దరం ఒకే గొంతు ఎలా విన్నామో నాకు ఇప్పటికీ అంతుపట్టలేదు.