అమ్మ ఖాళీ చేసిన ముందుగది

తిరువూరులో మేం అద్దెకున్న ఇంటి ముందుగదిలో గోడ కనిపించేది కాదు. అమ్మ కుట్టిన నెమలి పటాలు, బట్టల కొట్లవాళ్లిచ్చిన క్యాలెండర్లు, అద్దాల బీరువా నిండా ప్లాస్టిక్ చిలకలు, రేడియో మీద లేసు గుడ్డ. గుమ్మానికి పూసల తెర. పాత శుభలేఖలు సన్నగా కత్తిరించి, చుట్టి, వార్నీషు పూసి ఆ పూసలన్నీ అమ్మే చేసింది. వీధిలో ఆడవాళ్లు దాన్ని చూడ్డానికే వచ్చేవాళ్లు.

నాన్న హైస్కూల్లో లెక్కల మాస్టారు. ఒక ఆదివారం చర్చి ఫాదర్ గారు భోజనానికి పిలిస్తే ఆయన బంగళాకు వెళ్లొచ్చారు. అక్కడ తెల్లటి సున్నం గోడ, దానిమీద సిలువ, రెండు కుర్చీలు, అంతేనట. వస్తూనే గుమ్మంలో ఆగి, "ఇది ఇల్లా, తిరనాళ్లలో కొట్టా?" అన్నారు.

పక్కింటావిడ లోపలే కూర్చుని ఉంది. అమ్మ నవ్వబోయింది. నాన్న కత్తెర తెచ్చి తెర దారాలు వరసగా కత్తిరించారు. పూసలు గదంతా దొర్లాయి.

"ఏరి పొయ్యిలో వెయ్" అన్నారు.

అమ్మ వంగి ఏరుతుంటే పక్కింటావిడ చూడలేక వెళ్లిపోయింది.

మర్నాడు నాన్న బడికెళ్లాక అమ్మ పటాలూ చిలకలూ మూటగట్టింది. అక్కడితో ఆగలేదు. నాన్న పడక్కుర్చీ, రేడియో, చనిపోయిన మా నాయనమ్మ ఫోటో కూడా అటక ఎక్కించింది. సాయంత్రానికి గదిలో చాప ఒక్కటే మిగిలింది.

"నా కుర్చీ ఏదీ?"

"మీరే కదండీ, ఇల్లు కొట్టులా ఉందన్నారు."

దించమంటే ఓడిపోయినట్టే. నాన్న చాప మీదే కూర్చున్నారు. ఏళ్ల తరబడి అలాగే కూర్చున్నారు. ఇంటికొచ్చినవాళ్లు నిలబడే మాట్లాడి వెళ్లేవాళ్లు.

తర్వాత ఆయన విజయవాడ బస్సు దిగుతూ పడి తుంటి విరగ్గొట్టుకున్నారు. ఆ ఖాళీ గదిలోనే మంచం వేశాం. నెలల పాటు గోడకేసి చూస్తూ పడుకున్నారు.

"ఒక్క క్యాలెండరన్నా తగిలించవే. ఏ రోజో తెలీట్లేదు."

"ఇవాళ మంగళవారం" అని అమ్మ జావ గ్లాసు పెట్టి వెళ్లిపోయింది. అప్పట్నుంచి రోజూ పొద్దున్నే వారం పేరు చెప్పేది. ఇంకో మాట ఉండేది కాదు. నేనైనా తగిలించి ఉండొచ్చు. అమ్మంటే భయం.

కర్ర పట్టుకుని నడవగలిగాక నాన్న మధ్యాహ్నాలు పక్కింట్లో కూర్చోవడం మొదలుపెట్టారు. వాళ్ల ముందుగదిలో బొమ్మలు, కాగితం పూలు, పటాలు కిక్కిరిసి ఉండేవి. "ఎంత బాగా సర్దుకున్నారండీ" అని ఆయన మెచ్చుకున్నారని ఆ ఇల్లాలే సంబరంగా అమ్మకు చెప్పింది.

ఆ మధ్యాహ్నం అమ్మ నన్ను వెంటబెట్టుకుని అక్కడికి వెళ్లింది. నాన్న ఎదురుగానే, ఎంతో మెత్తగా అంది: "మాస్టారికి ఇలాంటివి చూస్తే తలనొప్పి వదినా. మొహమాటానికి మెచ్చుకుంటున్నారు. ఇక కూర్చోబెట్టుకోకండి."

పక్కింటావిడ ముఖం మాడిపోయింది. నాన్న కర్ర అందుకుని లేచారు. నేను చెయ్యి పట్టుకుని ఇంటికి నడిపిస్తుంటే, "నాకు నిజంగానే తలనొప్పిగా ఉందమ్మా" అన్నారు నాతో.