మల్లయ్య ఇవ్వని బంతి

కల్లు గీసే ఇంటివాడు తన్నిన బంతి కంపు కొడుతుందని, బట్టల దుకాణం సేటు కొడుకు రాజలింగం దాన్ని మల్లయ్యతోనే కడిగించాడు. సిద్దిపేట మైదానంలో జట్టంతా చుట్టూ నిలబడి నవ్వింది. ముళ్లపొదల్లో పడ్డ బంతిని తెచ్చివ్వడం వరకే మల్లయ్య పని. ఆ రోజు కాలు ఊరుకోక గోలులోకి కొట్టాడు. అదీ నేరం.

"మంచిగ రుద్దురా మల్లిగా, బంతికి నిషా ఎక్కింది!" అన్నాడు రాజలింగం.

రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో మల్లయ్య కూలికి బెంగుళూరు పోయి, ఇటలీ ఖైదీలను ఉంచిన క్యాంపులో నీళ్లు మోశాడు. అక్కడ కార్లో అనే మిలాన్ మంగలి, వచ్చీరాని హిందుస్తానీలో తన ఫుట్‌బాల్ క్లబ్బు పుట్టుక చెప్పాడు. మిలాన్‌లో అప్పటికే ఉన్న క్లబ్బు పరదేశీలకు చోటు లేదందట. అది గిట్టని కొందరు లేచి వెళ్లి, ఒక హోటల్లో కూర్చుని, ఎవరైనా ఆడొచ్చంటూ వేరే క్లబ్బు పెట్టుకున్నారట. పేరు ఇంటర్నాజియోనాలే. అంగీలు నలుపు, నీలం.

మల్లయ్య అడిగింది ఒక్కటే: వీళ్లు వాళ్లను ఓడించారా?

చాలాసార్లు, అని కార్లో కళ్లెగరేశాడు.

ఊరికి తిరిగొచ్చి, దుబ్బాక నేతగాడు బుచ్చిరాములుతో నలుపు నీలం చారల బట్ట నేయించాడు మల్లయ్య. చింతమడక గీత పనివాళ్లు, మగ్గాల వాళ్లు, హమాలీలు చేరారు. ఎవరొచ్చినా కాదనకూడదన్నది నియమం. ఆ జట్టు రాజలింగం జట్టును ఓడించింది. మళ్లీ ఓడించింది. అయినా మల్లయ్య కడుపుమంట చల్లారలేదు. ఓడినవాడు నవ్వుకుంటూ ఇంటికి పోతున్నాడు, అదే అతనికి గుచ్చుకునేది.

చివరకు రాజలింగం జట్టు చెదిరిపోయింది. అతనే అడగడానికి వచ్చాడు.

"నన్ను గూడ ఆడనియ్యి మల్లన్నా."

"వద్దందమా?" అని మల్లయ్య బుచ్చిరాములును అడిగాడు.

"ఎట్లంటమే? ఎవలొచ్చినా రమ్మందమని నువ్వే అంటివి గద!"

మల్లయ్య అంగీ ఇచ్చాడు. బంతి మాత్రం ఇవ్వలేదు. రాజలింగం ఆ చివర నుంచి ఈ చివరకు పరిగెత్తేవాడు, చేతులూపేవాడు. బంతి అతన్ని తప్పించుకుని పోయేది.

మెదక్ జట్టుతో ఆటలో ఒక్క గోలు వెనకబడ్డారు. ఆట అయిపోవస్తుంటే, గోలుకు ఎడమ పక్కనున్న రాజలింగాన్ని మెదక్ వాళ్లెవరూ కాచుకోలేదు.

"ఇటియ్యి! నీ కాల్మొక్త, ఇటియ్యి!" అని అరిచాడు.

మల్లయ్య అతని కళ్లలోకి చూసి, బంతిని మైదానం బయటికి తన్నాడు. ఓడిపోయారు. బుచ్చిరాములు అంగీ విప్పి మల్లయ్య మొహాన కొట్టి దుబ్బాక దారి పట్టాడు. రాజలింగం మైదానంలోనే కూలబడి ఏడ్చాడు. మల్లయ్య కళ్లారా చూశాడు.

ఎన్నాళ్లకో బస్సు దగ్గర ఇద్దరూ ఎదురుపడ్డారు. అదే ఆఖరు.

"గెలిచేటి ఆట. గంత పగనా మల్లన్నా? జట్టుల చేర్చుకున్నంక గట్ల చేస్తరా?"

"చేర్చుకుంటనన్న సేటూ. చేర్చుకున్న," అన్నాడు మల్లయ్య. "బంతి ఇస్తనని ఎన్నడన్న అన్ననా?"