ఐదు ఆడ సీతాకోకచిలుకలు

ప్రయోగశాలలో అందరూ ఆమెను సీసాలక్క అనేవారు. గాజుసామాను కడిగే పనిలో చేరి, ఇరవై రెండేళ్లలో సీతాకోకచిలుకలను వలతో పట్టడం, బతికుండగానే గడ్డకట్టించడం, నూరి జన్యుపదార్థం తీయడం దాకా ఎదిగింది. ఆమె వేళ్లు తగిలితే రెక్క మీది పొడి కూడా రాలదని ప్రయోగశాల నడిపే మేడం పదిమందిలో మెచ్చుకునేది.

ఊరి గట్టు మీద తప్ప ఇంకెక్కడా లేని నీలి సీతాకోకచిలుక జన్యుక్రమాన్ని ఆసాంతం చదవాలని పూనుకున్నప్పుడు మేడం ఒక్క మాటే చెప్పింది.

"ఆడవే కావాలక్కా. వాటిలో ఉండే ఒక క్రోమోజోము మగవాటిలో ఉండదు."

సీసాలక్క ఆడవాటినే ఏరి తెచ్చింది. కరెంటు పోయి ఫ్రీజరులో రెండు పాడైతే మరో రెండు పట్టింది. మొత్తం ఐదు.

ఫలితం వచ్చిన రోజున మేడం కంప్యూటరు ముందునుంచి లేవలేదు.

"ఏం మేడం, మొహం వేలాడేశారు? నా నూరుడు బాగాలేదా?"

"నీ నూరుడుకేం, దివ్యంగా ఉంది. తల్లి నుంచి వచ్చిన క్రమమూ తండ్రి నుంచి వచ్చిన క్రమమూ పక్కపక్కన పెట్టాను, చూడు. ఎంతదూరం పోయినా ఒక్క అక్షరం తేడా లేదు. తోబుట్టువులే జతకడుతున్నాయక్కా. గట్టు మీద వేరే దిక్కు లేదు."

"అయితే ఎన్ని మిగిలుంటాయి?"

మేడం వల తీసి ఆమె చేతికిచ్చింది.

ఎనిమిది ఉదయాలు సీసాలక్క గట్టంతా గాలించింది. అన్నీ మగవే ఎగిరాయి. తొమ్మిదోనాడు, రెక్క చిరిగిన ఆడది ఒకటి దొరికింది. మేడం చెయ్యి అలవాటుగా ఫ్రీజరు వైపు వెళ్లింది.

"ఒక కాలు తుంచుకోండి, పరీక్షకు చాలు. ప్రాణం మాత్రం తియ్యనివ్వను."

"నీకు నేనంటే భయం లేకుండా పోయిందే!"

"భయం పుట్టే చెబుతున్నాను మేడం."

మగదానితో కలిపి దాన్ని పంజరంలో, మొక్క మీద వదిలారు. పదకొండు గుడ్లు పెట్టి చచ్చిపోయింది. లోపల పురుగు తయారైతే ఏడోరోజుకు గుడ్డు నల్లబడాలి. సీసాలక్క గంటకోసారి భూతద్దం పట్టుకుని వంగేది.

"నాకు జ్వరమొచ్చినప్పుడు ఇన్నిసార్లు చూశావా?" అని క్యారియరు తెచ్చిన భర్త ఎకసెక్కమాడాడు. ఆమె నవ్వకపోయేసరికి క్యారియరు పక్కన పెట్టి వెళ్లాడు.

ఏడోరోజున గుడ్లు తెల్లగానే ఉన్నాయి. ఎనిమిదోరోజున రెండు లోపల ఎండిపోయి సొట్టపడ్డాయి. పదోరోజు ఉదయానికి పది సొట్టపోయాయి.

"లే అక్కా, ఇంటికి వెళ్లు," అంది మేడం, భుజం మీద చెయ్యి వేసి.

సీసాలక్క లేవలేదు. పదకొండోది ఇంకా గుండ్రంగానే ఉంది. తెల్లగా, గడువు దాటి మూడోరోజున.