సగం దిగినా సగం కాదు

తెలంగాణ ఉద్యమం ఊపులో ఉన్న రోజుల్లో మేం చైతన్యపురిలో నాలుగంతస్తుల మేడ కింద గదిలో కిరాయికి ఉండేవాళ్లం. మా ఆయన ఇళ్లకు రంగులు వేసేవాడు. ఆ నెల మా ఓనరమ్మ మేడకే పని. పైన నీళ్ల ట్యాంకు కాళ్లకు రెండు తాళ్లు కట్టి, వాటికి చెక్క పలక వేలాడదీసి, ఆ జూలా మీద కూర్చుని గోడ వెంట దిగుతూ రంగు వేసేవాడు.

మా పక్క గదిలో కోచింగ్‌కు వచ్చిన కోస్తా పిల్ల ఉండేది. ఒక పొద్దున నేను బియ్యం ఏరుతుంటే, పాఠం చదువుతూ నాకూ చెప్పింది.

"ఆంటీ, ఒక్క అంతస్తు మీంచి పడితే గల్లీలో బైకు గుద్దినంత వేగం. నాలుగంతస్తులైతే హైవే మీద బస్సు గుద్దినంత."

"అంటే నాలుగింతలా బిడ్డా?"

"కాదాంటీ, రెండింతలే. అందుకే సగం దిగినా వేగం సగం అవదు. ముప్పావు వంతు దిగితేనే సగం."

"నీ సదువు సల్లగుండ! గా ముచ్చట నా ముందర తియ్యకు," అన్నాను. ఆ రోజు నుంచి ఆయన గోడ మీదుంటే తల దించుకునే తిరిగేదాన్ని.

బంద్ రోజొకటి వచ్చింది. దిల్‌సుఖ్‌నగర్ నుంచి ఎల్‌బీ నగర్‌కు ర్యాలీ పోతుందన్నారు. ఓనరమ్మ ఆంధ్రా మనిషి. కిటికీ అద్దాలు పగులుతాయేమోనని గుబులు. "మనమే తెలంగాణ జెండా కట్టేస్తే ఎవరూ మన జోలికి రారు," అంటూ జెండా పట్టుకుని మేడెక్కింది. కట్టడానికి తాడు కావాలి.

అప్పుడు మా ఆయన పై అంతస్తులో, కిటికీ మీది సన్‌షేడ్ మీద నిలబడి రంగు వేస్తున్నాడు. పలకను పక్కనే సన్‌షేడ్ మీద ఆనించడంతో జూలా తాళ్లు వదులుగా ఉన్నాయి. ఆమె ఒకదాన్ని బట్టలారేసే దండెం అనుకుని విప్పేసింది. తాడు కొస పిట్టగోడ మీద కదలడం కింద నుంచి చూశాను.

"అమ్మా, ఇడువకు! ఇడువకు!"

డప్పుల మోతలో నా గొంతు ఎవరికి వినపడుతుంది? ఆయన పలక మీద కూర్చోబోయాడు. పలక ఒక పక్కకు ఒరిగింది. రంగు డబ్బా వచ్చి నా ముందు పడి చితికిపోయింది. ఆయన నేల దాకా వేలాడే రెండో తాడు పట్టుకుని గాలిలో ఊగుతున్నాడు.

మెల్లగా జారుతున్నాడు. రెండో అంతస్తు దాకా వచ్చేసరికి ఎదురింటామె, "సగం దిగిండు, ఇగ ఏం గాదక్కా," అంది. నేను బయటికి పరుగెత్తుకొచ్చిన కోచింగ్ పిల్ల చేయి పట్టుకున్నాను.

"ఇప్పుడెంత బిడ్డా? గిప్పుడు పడితే ఎంత?"

"అడక్కండాంటీ," అని ఏడ్చింది.

రోడ్డు మీద ఒక్క ఆటో లేదు. పడితే దవాఖానకు ఎట్లా?

ఆయన కాళ్లు నేలకు ఆనాయి. అరచేతుల తోలు లేచిపోయింది. ఓనరమ్మ జెండాతోనే పరుగున దిగివచ్చి మెట్ల మీద కూలబడింది. "దండెం అనుకున్నానయ్యా! నీ పుణ్యముంటుంది, దండెం అనుకున్నాను!"

"పోనీ తియ్ అమ్మా," అని ఆయన గోడ వైపు తలెత్తాడు. "గింతే మిగిలింది. జరసేపాగి ఎక్కుత."

నేను ఆయన చొక్కా గుప్పిట్లో పట్టుకున్నాను. ర్యాలీ మా ఇల్లు దాటిపోయినా వదల్లేదు.